తాబేళ్ల కాలంలో పర్మిషన్ ఉన్నవాళ్లని ఒడ్డు మీద ఎలా నడిపించాలి

జనవరి సగం దాటిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. సోనాపూర్ నుంచి, ఆర్జిపల్లి నుంచి, ఒడిశాలో గంజాం చుట్టుపక్కల మన తెలుగు పేటల నుంచి కుర్రాళ్లు అడుగుతుంటారు: "అన్నా, కాలేజీ వాళ్లు వస్తున్నారు, పర్మిషన్ కాగితం ఉందంట, తాబేళ్ల దగ్గరికి తీసుకెళ్లిపోవచ్చు కదా?"

తీసుకెళ్లిపోకండి. కాగితం ఉండటం వేరు, ఆ రాత్రి ఒడ్డు మీద ఏం జరుగుతుందన్నది వేరు. ఎవరు రావచ్చో, ఏం చేయవచ్చో కాగితంలో ఉంటుంది. చీకట్లో ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో అందులో ఉండదు. ఆ పని మీది. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే ఋషికుల్య నది మొగ దగ్గర కొన్నేళ్లు ఈ పని చేసి, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక తేడా తెలుసుకోండి, ఆఫీసుల్లో చాలాసార్లు దీని దగ్గరే తికమక వస్తుంది. కేంద్రపడ జిల్లాలోని గహిరమఠ సముద్ర అభయారణ్యం. 1997లో ప్రకటించారు, విస్తీర్ణం 1,435 చదరపు కిలోమీటర్లు. అక్కడికి అడుగు పెట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి, ఆ పని రాజనగర్ డివిజన్ చూస్తుంది. మన ఋషికుల్య మొగ అభయారణ్యం కాదు. అలాగని ఇక్కడ ఏం చేసినా చెల్లుతుందనుకుంటే కొంప మునుగుతుంది. ఈ తాబేలు (ఆలివ్ రిడ్లీ) 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టుకున్నా, గుడ్డు తీసినా జైలు కేసే. నవంబర్ 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపల వేట మీద నిషేధం ఉందన్నది మన ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఆ చివరి మాట వల్ల ఒక చిక్కు ఉంది. ఏడు నెలలు వల ముడుచుకుని కూర్చున్న ఇంటి ముందు నుంచి కెమెరా వేసుకుని ఎవరో నవ్వుకుంటూ పోతుంటే ఒళ్లు మండటం సహజం. అందుకే మొదటి కబురు ఊరిపెద్దలకి వెళ్లాలి. ఎవరొస్తున్నారో, ఎంతసేపు ఉంటారో ముందే చెప్పండి. చెప్పకుండా తీసుకెళ్తే ఆ రాత్రి మీకు తాబేళ్ల కంటే మనుషులతోనే టెన్షన్ ఎక్కువ.

ఏమేం కావాలి

- పర్మిషన్ కాగితం జిరాక్సు, మీ దగ్గర ఒకటి, బీట్ గార్డు (మన ఒడ్డు చూసే అటవీశాఖ గార్డు) దగ్గర ఒకటి. ఫోన్‌లో ఫొటో చాలదు. కాగితం చూపించడానికి స్క్రీన్ వెలిగించాల్సి వస్తుంది, ఒడ్డు మీద ఆ వెలుతురే వద్దంటున్నాం.
- గట్టి అట్ట నోట్‌బుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, మంచుకి సిరా పాకిపోతుంది.
- రెండే రెండు టార్చీలు, ఎర్ర వెలుతురువి. లేకపోతే ఎర్ర గ్లాసు పేపరు రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు కట్టండి. ఒక్క మడత చాలదు, మధ్యలోంచి తెల్లగా వస్తుంది. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇదే.
- నాలుగైదు వెదురు కర్రలు, ముప్పై మీటర్ల తాడు.
- ఒక కొబ్బరి మట్ట. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- ఒడ్డు తెలిసిన మనుషులు ఇద్దరు, ముందు ఒకరు, వెనక ఒకరు. వచ్చినవాళ్లలో ఆడపిల్లలుంటే మీవాళ్లలో ఒక అక్కనో వదిననో తీసుకెళ్లండి.
- బీట్ గార్డు, అటవీశాఖ రేంజ్ ఆఫీసు నంబర్లు కాగితం మీద రాసుకోండి. సముద్రంలో ఆపద అయితే కోస్ట్ గార్డు నంబరు 1554.

మెట్లు

1. కాగితాన్ని నాలుగు ప్రశ్నలతో చదవండి.

ఎవరు? ఎక్కడ? ఏ పని? ఎప్పటిదాకా? కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మన పెద్దవాళ్లకి ఒడియా మాట వస్తుంది కానీ చదవడం రాదు, అందుకని "సీలుంది కదా" అని వదిలేస్తారు. ఒడియా మీడియంలో చదివే పిల్లనో పిల్లాడినో పిలిచి పూర్తిగా చదివించుకోండి. పది నిమిషాల పని.

ఎక్కువ గొడవ "ఏ పని" దగ్గరే వస్తుంది. చూడటానికి, ఫొటో తీయడానికి ఇచ్చిన అనుమతితో తాబేలుని ముట్టుకోవడం కుదరదు. కొలతలు తీయాలన్నా, ట్యాగు (నంబరున్న లోహపు బిళ్ల) వేయాలన్నా, గుడ్డో రక్తమో నమూనా తీసుకోవాలన్నా వేరే అనుమతి కావాలి. పరిశోధన లాంటి పనులకి వన్యప్రాణి చట్టం 12వ సెక్షను కింద ఇస్తారు, అందులో పని పేరు, మనిషి పేరు స్పష్టంగా ఉంటాయి. కాగితంలో ప్రొఫెసర్ పేరుండి, ఒడ్డు మీదికి వచ్చింది ఆయన స్టూడెంట్ అయితే, ఆ స్టూడెంట్ పేరు కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే చూడటం వరకే.

డ్రోన్ మాట ఎత్తితే దానికి విడిగా అనుమతి చూపించమనండి. పక్కనే గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. మన నెత్తిన ఎగిరే బొమ్మని వాళ్లు బొమ్మలా చూడరు.

2. అదే రోజు మధ్యాహ్నం బీట్ గార్డుకి చెప్పండి.

వారం కింద చెప్పాం కదా అనుకోవద్దు. మూకుమ్మడిగా తాబేళ్లు ఎక్కడం మొదలైతే ఇచ్చిన అనుమతులు కూడా ఆ రాత్రికి ఆపేస్తారు. ఆపితే ఆపినట్టే. "వాళ్లు భువనేశ్వర్ నుంచి వచ్చారు సార్" అని బతిమాలడం మీ పని కాదు. వచ్చినవాళ్లకి ముందే చెప్పి పెట్టండి: అనుమతి ఉన్నా రాత్రి రద్దు కావచ్చు, అప్పుడు తెల్లవారాక జాడలు చూపిస్తాం అని. ముందే వింటే ఎవరూ గొడవ పడరు.

3. వెలుతురుండగానే ఒడ్డు నడవండి.

మొగ ప్రతి ఏడూ ఒకే చోట ఉండదు. ఇసుక మేట జరుగుతుంది, నిరుడు నడిచిన చోట ఈ ఏడు నీళ్లుంటాయి. పోడంపేట వైపు సముద్రం ఎంత లోపలికి కోసిందో చూసినవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎంతవరకు ఎక్కుతుందో చూసుకుని దారి వేసుకోండి.

దారి ఎప్పుడూ తడి ఇసుక మీదే. పొడి ఇసుక కింద గుడ్లుంటాయి, అరచెయ్యి మందం పైపొర తొక్కితే ఏం కాదులే అనుకోవద్దు. తాబేలు గొయ్యి సుమారు మూరెడు లోతు, కానీ కెరటం కోసిన చోట అది పైకి తేలిపోయి ఉంటుంది. దారిలో లాగి పెట్టిన పడవలు, ఆరేసిన వలలు ఉంటే యజమానులతో చెప్పి పక్కకి తీయించండి. చీకట్లో వల కాలికి తగిలి ఒక పెద్దాయన పడ్డారు, ఆయన అరుపుకి ఒడ్డెక్కుతున్న రెండు తాబేళ్లు తిరిగి నీళ్లలోకి పోయాయి.

ఇప్పుడు కొబ్బరి మట్ట. ఒడ్డు మీదికి దిగే చోట, పోటు అందని ఎత్తులో, రెండు కర్రల మధ్య ఆరడుగుల వెడల్పున ఇసుకని మట్టతో సాపు చేయండి. ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చినట్టు, ఒక్క గీత కూడా ఉండకూడదు. లోపలికి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు దీని మీదనుంచే నడవాలి. చుట్టూ తాడు కట్టండి. ఉపయోగం తెల్లారాక తెలుస్తుంది.

4. ఊరి దీపాలు.

సముద్రం వైపు ఉన్న బల్బులు ఆర్పమని చెప్పండి. ఆర్పనంటే సముద్రం వైపు ఒక తడికో గోనె పట్టానో అడ్డం కట్టించండి. గుడి దగ్గర లైటు విషయం పూజారితో మాట్లాడితే అవుతుంది, వాదించకూడదు. వచ్చినవాళ్ల కారు ఊరి అవతలే ఆపించండి. హెడ్‌లైట్ ఒక్కసారి సముద్రం మీద పడిందంటే ఆ రాత్రి పని అయిపోయినట్టే.

5. దిగే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి.

ఉపన్యాసం వద్దు. ఫోన్లు స్విచ్ఛాఫ్ చేసి ఒక గుడ్డ సంచీలో వేయించండి, సంచీ వెనక నడిచే మనిషి దగ్గర ఉంటుంది. ఫొటోకి అనుమతి ఉన్న ఒక్కరి దగ్గరే కెమెరా ఉండాలి, దాని ఫ్లాష్ మీద నల్ల టేపు అంటించండి. "నేను ఆఫ్ చేశానండీ" అన్నమాట నమ్మి ఒకసారి మోసపోయాను. ఒక కాలేజీ బృందంలో ఒకాయన కెమెరా తనంతట తానే ఫ్లాష్ వేసింది. అప్పుడే గొయ్యి తవ్వడం మొదలుపెట్టిన తల్లి తవ్వడం ఆపి, మెల్లగా తిరిగి, సముద్రంలోకి పోయింది. ఆయనకి దుర్బుద్ధి లేదు. టేపు అంటించనిది నేనే.

తెల్ల బట్టలు, సెంటు, బీడీ, చుట్ట వద్దు. కుక్కని వెంట రానివ్వద్దు, మన పేటల్లో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, ఒక పిల్లాడిని కాపలా పెట్టండి.

6. ఇసుక మీద.

ఒకసారికి ఆరుగురు, మీ ఇద్దరు. ఇది చట్టంలో ఉన్న లెక్క కాదు, మేం పెట్టుకున్నది. కాగితంలో ఇరవై పేర్లున్నా ఆరుగురు చొప్పునే వెళ్లాలి. మిగతావాళ్లు పైన సరుగుడు చెట్ల దగ్గర కూర్చుంటారు.

ఒకరి వెనక ఒకరు, టార్చీ ఆర్పి నడవండి. పావుగంట పోతే కళ్లు చీకటికి అలవాటు పడతాయి. ముందు నీళ్ల అంచున నల్లగా గుండ్రంగా కదిలిందనుకోండి, అక్కడికక్కడే అందరూ కూర్చోవాలి. ఒడ్డెక్కేటప్పుడు, చోటు వెతికేటప్పుడు, తవ్వేటప్పుడు తాబేలుకి బెదురు ఎక్కువ. ఏ చిన్న కదలిక కనిపించినా తిరిగిపోతుంది. అది మీ పక్కనుంచే పోతున్నా లేవకండి, జరగకండి.

ఎప్పుడు దగ్గరికి వెళ్లాలి? వెనక కాళ్లతో ఒకటి తర్వాత ఒకటి ఇసుక తోడుతూ ఉంటుంది. ఆ తోడటం ఆగి, ఒళ్లు కదలకుండా నిలిచిపోయి, వెనక కాళ్ల మొదట్లో చిన్న బిగువు వస్తూ పోతూ ఉంటే గుడ్లు పెట్టడం మొదలైంది. ముందు నడిచే మనిషి ఒక్కడే పాకుతూ వెళ్లి, ఎర్ర వెలుతురు వెనక నుంచి ఒక్క క్షణం వేసి చూసి రావాలి. పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా పడుతుంటే చెయ్యి ఊపాలి. అప్పుడు మిగతావాళ్లు వెనక వైపుగా వచ్చి, నాలుగైదు అడుగుల దూరంలో కూర్చుంటారు. ముందుకి ఎవ్వరూ రాకూడదు, తలకి వెలుతురు తగలకూడదు.

ఒక తల్లి సుమారు వంద గుడ్లు పెడుతుంది, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కొలతలకి, ట్యాగుకి అనుమతి ఉన్నవాళ్లు గుడ్లు పెట్టడం అయ్యాకే ముట్టుకోవాలి. ఆ తర్వాత అది ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఇసుకని దబదబా కొడుతుంది. మా అమ్మమ్మ దాన్ని "తాబేలు రోకటిపోటు" అనేది. ఈ చప్పుడు విన్నాక మీవాళ్లని వెనక్కి జరపండి, అది తిరిగి వెళ్లే దారిలో ఎవరూ ఉండకూడదు.

ముందు కాలికి లోహపు బిళ్ల కనిపిస్తే తీయకండి, నంబరు మాత్రం రాసుకోండి. 2021 మార్చిలో గహిరమఠలో 03233 నంబరు బిళ్ల వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ దొరికింది. అక్కడ ఎవరో ఆ అంకెలు సరిగ్గా చదివి రాసుకోబట్టే ఈ సంగతి బయటపడింది. 3, 8 తేడా చీకట్లో తెలియదు, ఇద్దరు విడివిడిగా చదివి సరిచూసుకోండి.

7. తిరిగి వచ్చేటప్పుడు లెక్క.

సాపు చేసిన ఇసుక దగ్గర మనుషుల్ని లెక్కపెట్టండి. సంచీ అక్కడే ఇవ్వొద్దు, కారు దాకా వెళ్లాక ఫోన్లు ఇవ్వండి. పుస్తకంలో రాయండి: దిగిన సమయం, వచ్చిన సమయం, చూసిన తాబేళ్లు, తిరిగిపోయినవి, గాలి ఎటు. దక్షిణం గాలి బలంగా లేచిన రోజుల్లోనే మూక ఎక్కడం మా ఒడ్డున ఎక్కువగా చూశాం, కాబట్టి ఆ గడి ఖాళీ వదలకండి.

పని సరిగ్గా జరిగిందా?

వచ్చినవాళ్లు "చాలా బాగుందండీ" అన్నారంటే వాళ్లకి బాగుందని. అంతే. అసలు సంగతి తెల్లవారుజామున ఎండ ఎక్కకముందు తెలుస్తుంది.

మొదట సాపు చేసిన పట్టీ చూడండి. వెళ్లిన జాడలు, వచ్చిన జాడలు లెక్క సరిపోవాలి. ఒకసారి నేను తీసుకెళ్లింది ఆరుగురిని, మేం ఇద్దరం. మొత్తం ఎనిమిది జతలుండాలి, తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదో జత రబ్బరు చెప్పులది, ఎడమ మడమ అరిగి ఉంది. కారు డ్రైవరు వెనకాల దిగి, పొడి ఇసుక మీద అడ్డంగా నడిచి, ఒక చోట కూర్చుని సిగరెట్టు కాల్చి వచ్చాడు. పీక కూడా దొరికింది. అప్పటినుంచి డ్రైవరు పేరు కూడా పుస్తకంలో రాసి, ఆయన్ని పైన మనవాళ్ల పక్కనే కూర్చోబెడుతున్నాం.

తర్వాత తాబేలు జాడలు చూడండి. ఎక్కిన జాడ, దిగిన జాడ ఉండి, మధ్యలో ఇసుక చిందరవందరగా ఎగజిమ్మి ఉంటే గుడ్లు పెట్టినట్టు. వంపు తిరిగి ఊరికే వెనక్కి పోయి, తవ్విన గుర్తు లేకపోతే పెట్టకుండా పోయినట్టు. అలా తిరిగిపోయినవి ఏ ఒడ్డునైనా కొన్ని ఉంటాయి, కంగారు పడొద్దు. కానీ మీరు నడిచిన వైపు ఎన్ని, మీరు అడుగుపెట్టని వైపు అంతే పొడవులో ఎన్ని అని లెక్కపెట్టి పోల్చండి. మీ వైపు బాగా ఎక్కువగా ఉంటే తప్పు మీ దగ్గరుంది. మర్నాడు మనుషుల్ని తగ్గించండి, లేదా దారి మార్చండి. రెండు రాత్రులు అలాగే ఉంటే ఆపేయండి.

లెక్కపెట్టిన జాడ మీద కాలితో అడ్డగీత గీయండి, లేకపోతే దాన్నే మళ్లీ లెక్కపెడతారు.

ఎక్కువగా జరిగే తప్పులు

డబ్బు తీసుకోవడం. టీ ఖర్చు అని మొదలవుతుంది, పదిహేను రోజుల్లో "మాకు దగ్గరగా చూపించండి, ఇంకో ఐదొందలు ఇస్తాం" దాకా పోతుంది. ఏదైనా తీసుకోవాలంటే ఊరి కమిటీ పేరు మీద, రసీదుతో, రేంజ్ ఆఫీసుకి తెలిసేలా తీసుకోండి.

"పెద్దవాళ్లు" వచ్చినప్పుడు రూలు సడలించడం. ఆఫీసరుగారి బంధువులైనా ఆరుగురే, ఫోన్ సంచీలోనే. మొహమాటపడి చేసిన పని మర్నాడు ఎవరి మెడకి చుట్టుకుంటుందో మీకు తెలుసు.

చచ్చిన తాబేలుని వెంటనే పాతిపెట్టడం. వాసన వస్తుందని పాతేస్తారు. ముందు అటవీశాఖకి చెప్పండి, వాళ్లు రాసుకున్నాకే పూడ్చాలి. లేకపోతే అడిగేది మిమ్మల్నే.

అలివి వలలో తాబేలు పడితే భయపడి దాచడం. వల వదులు చేసి, అది బతికి ఉంటే నీళ్లలోకి వదిలేసి, గార్డుకి చెప్పండి. దాచిన చోటే అనుమానం పుడుతుంది.

మూకుమ్మడిగా ఎక్కిన రాత్రులు

2025 ఫిబ్రవరిలో ఋషికుల్యలో కొద్దిరోజుల్లోనే ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అలాంటి రాత్రి ఇసుక మీద అడుగు పెట్టడానికి చోటుండదు, పైమెట్లు ఏవీ పనికిరావు. ఎవరినీ దింపొద్దు. శాఖవాళ్లు కట్టిన వల కంచె వెనక నుంచి చూపించండి, అది కూడా వాళ్లు ఒప్పుకుంటేనే. పగలు కూడా ఎక్కుతుంటాయి కాబట్టి ఎండలో చూద్దాంలే అని దింపే ప్రయత్నం చేయకండి. మీ పని అప్పుడు కుక్కల్ని తరమడం, రోడ్డు మీద బళ్లు ఆపడం.

పిల్లలు బయటికొచ్చేటప్పుడు

గుడ్లు పెట్టిన 45 నుంచి 55 రోజులకి పిల్లలు వస్తాయి. ఏప్రిల్, మే. అప్పటికి చూసేవాళ్ల ఉత్సాహం తగ్గిపోతుంది, మీ పని మాత్రం రెట్టింపు అవుతుంది. పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి కాబట్టి నాలుగో మెట్టు మళ్లీ మొదటినుంచి, ఈసారి ప్రతి రాత్రీ. ఊరి వైపు వచ్చేసినవి కనిపిస్తే శాఖ మనుషుల్ని పిలవండి. వాళ్లు ఏరమంటే, శుభ్రమైన బకెట్టులో అడుగున తడి ఇసుక పోసి, నీళ్లు పోయకుండా, తక్కువ తక్కువగా వేయండి. సూర్యుడు రాకముందే కెరటానికి కాస్త దూరంలో ఇసుక మీద వదలాలి. నేరుగా నీళ్లలో వేయొద్దు, నడిచి వెళ్లనివ్వాలి. బకెట్టు పక్కన సెల్ఫీ అడిగేవాళ్లకి ఐదో మెట్టు గుర్తు చేయండి.

మే నెల చివర పుస్తకం జిరాక్సు తీసి రేంజ్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. వచ్చే జనవరిలో కొత్త కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే, ముందు ఆ కాపీ తీసి నిరుడు ఏ వైపు ఎన్ని తిరిగిపోయాయో చూసుకుని, ఆ తర్వాతే వాళ్లకి తేదీ చెప్పండి.